ఎర్ర తెరచాపల బార్జి: కేంబ్రియా గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండేది ఇంగ్లండ్‌లోని కెంట్ తీరంలో. కాకినాడ నుంచో హైదరాబాద్ నుంచో చుట్టాలొస్తే, లండన్ చూపించడం అయ్యాక ఒకరోజు వాళ్ళను ఫావర్షామ్ పాయ దగ్గరికి తీసుకెళ్తాను. పాటు సమయానికి వెళ్తే నీళ్ళుండవు. బురదలో నిటారుగా కూర్చున్న పెద్ద పెద్ద చెక్క పడవలు, వాటి మీద జేగురు రంగు తెరచాపలు కనిపిస్తాయి. అక్కడి నుంచి ప్రశ్నలు మొదలవుతాయి. ఏళ్ళ తరబడి నన్ను అడిగినవాటిని, ఓ పాత బార్జి మీద వారాంతాల్లో తారు పూస్తూ, చెక్క గీకుతూ నేను నేర్చుకున్నవాటిని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఆ పడవల్ని థేమ్స్ బార్జిలంటారు. వాటిలో బాగా పేరున్నది కేంబ్రియా, గాలితో మాత్రమే సరుకు మోసిన బ్రిటిష్ ఓడల్లో ఆఖరిది.

థేమ్స్ బార్జి అంటే ఏమిటి? మన పంటు లాంటిదా?

అడుగు బల్లపరుపుగా ఉండటం వరకే పంటుతో పోలిక. పంటు రేవు దాటిస్తుంది. ఇది సరుకు ఓడ. లండన్ నగరానికి, థేమ్స్ మొగకు, కెంట్, ఎసెక్స్, సఫోక్ తీరాల్లోని చిన్న చిన్న పాయలకు మధ్య గాలితోనే తిరిగేది. సాధారణంగా 80 నుంచి 90 అడుగుల పొడవుంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు తేలడానికి మూడడుగుల నీళ్ళు చాలు. 20వ శతాబ్దం మొదట్లో ఇలాంటివి రెండు వేలకు పైగా ఉండేవి. లండన్‌లో లేచిన ఇళ్ళకు ఇటుక, అక్కడి గుర్రాలకు మేత, పిండి మిల్లులకు గోధుమ, అన్నిటినీ మోసుకొచ్చింది ఇవే.

ఇంత పెద్ద ఓడను ఇద్దరే నడిపేవారట, నిజమేనా?

నిజం. ఓడను నడిపే సరంగు ఒకడు, అతనికి సాయంగా మేట్ ఒకడు. కొన్ని పెద్ద బార్జిల మీద ఇంకొకరు ఉండేవారు. బార్జి గొప్పతనమంతా ఇందులోనే ఉందని నా అభిప్రాయం, అందుకే దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

మామూలు తెరచాప ఓడలో గాలి పెరిగితే మనుషులు తెరచాపను నిలబెట్టే కొయ్య ఎక్కి గుడ్డ చుట్టాలి. అందుకు పది చేతులు కావాలి. థేమ్స్ బార్జిలో ప్రధాన తెరచాపను కిందికి దించనే దించరు. కొయ్య అడుగు నుంచి ఏటవాలుగా పైకి లేచే పొడవాటి వాసం ఒకటి దాని పై మూలను పట్టుకుని ఉంటుంది. ఆ వాసాన్ని స్ప్రిట్ అంటారు. తెరచాప వద్దనుకుంటే గిలక తిప్పి తాళ్ళు లాగితే చాలు, తలుపు కర్టెన్ పక్కకు జరిపినట్టు మొత్తం గుడ్డ కొయ్య వైపు ముడుచుకుంటుంది. ఆ పనికి ఒక మనిషి చాలు. పైనున్న చిన్న తెరచాప మాత్రం విప్పే ఉంచుతారు. నది ఒడ్డున గోదాములు, ఇతర ఓడలు గాలికి అడ్డం వస్తాయి కదా, వాటి నెత్తిమీద నుంచి వచ్చే గాలిని అది పట్టుకుంటుంది.

ముందున్న తెరచాప కింది మూల డెక్కు మీద అడ్డంగా ఉన్న ఇనుప కడ్డీ వెంట దానంతట అదే అటూ ఇటూ జారుతుంది. ఎదురుగాలిలో దిశ మార్చేటప్పుడు మేట్ ఆ తెరచాపను ఒక తాడుతో కాసేపు పట్టి ఉంచుతాడు. దానికి తగిలిన గాలి బార్జి ముక్కును తిప్పేస్తుంది. తిరిగిందని తెలియగానే తాడు వదిలేస్తాడు. సరంగు చుక్కాని చక్రం వదలాల్సిన అవసరమే రాదు. నూరు టన్నుల పైబడిన బరువు ఇద్దరి చేతుల్లో తిరుగుతుంటే చూడటం నాకు ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది.

అడుగు బల్లపరుపైతే గాలికి పక్కకు కొట్టుకుపోదా?

పోతుంది, వదిలేస్తే. అందుకే రెండు వైపులా విసనకర్ర ఆకారంలో పెద్ద చెక్క రెక్కలు వేలాడుతుంటాయి. వాటిని లీబోర్డులు అంటారు. గాలి ఎటు నుంచి వస్తుంటే దానికి అవతలి వైపు రెక్కను నీళ్ళలోకి దించుతారు. అది నీటిని పట్టుకుని బార్జిని తిన్నగా ఉంచుతుంది. లోతు తగ్గితే ఆ రెక్క బురదను తాకి పైకి లేస్తుంది. కాబట్టి అడుగున నేల దగ్గరపడిందని సరంగుకు ముందుగా చెప్పేది కూడా అదే.

తెరచాపలు ఎర్రగా ఎందుకుంటాయి?

అలంకారం కోసం కాదు. నార గుడ్డ వానకు, ఎండకు కుళ్ళకుండా జేగురు మన్నును చేప నూనెతోనూ సముద్రపు నీటితోనూ కలిపి పట్టించేవారు. గుడ్డ నేల మీద పరిచి చీపురు లాంటి కుంచెలతో రుద్దేవారు. తెరచాపను దించి మడతపెట్టి లోపల దాచే వీలు లేదు కదా, కొయ్య దగ్గరే ముడిచి వదిలేస్తారు. అందుకే ఈ పూత అంత ముఖ్యం. ఆ వాసన బట్టలకు అంటితే వారం పోదు.

ఏమేం మోసేవి?

ఏదైనా. సిమెంటు, బొగ్గు, ఇసుక, ధాన్యం, తవుడు, కలప, చివరికి తుపాకీ మందు కూడా. రెండు సరుకుల సంగతి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి.

ఒకటి ఇటుక. లండన్ పాత ఇళ్ళ పసుపుపచ్చ ఇటుకల్లో చాలాభాగం కెంట్‌లోని సిటింగ్‌బర్న్, ఫావర్షామ్ చుట్టుపక్కల బట్టీల్లో కాల్చినవి. ఒక్కో బార్జి సుమారు 40 వేల ఇటుకలు పట్టుకెళ్ళేది. తిరుగు ప్రయాణంలో ఖాళీగా వచ్చేది కాదు. లండన్ ఇళ్ళలోని పొయ్యిల బూడిద, చెత్త నింపుకుని వచ్చేది. ఆ బూడిదను జల్లెడపట్టి మట్టిలో కలిపి మళ్ళీ ఇటుక చేసేవారు. నగరం పారేసింది నగరానికే గోడలై తిరిగి వెళ్ళేది.

రెండోది గడ్డి. మోటార్లు రాకముందు లండన్ నడిచింది గుర్రాల మీద. ఎసెక్స్, సఫోక్ పొలాల గట్లదాకా బార్జి పాకుతూ వెళ్ళి పాటులో బురద మీద కూర్చునేది. బండ్లు పక్కకొచ్చి గడ్డి ఎక్కించేవి. లోపల నిండాక డెక్కు మీద కూడా పేర్చి, పది పన్నెండు అడుగుల ఎత్తు గడ్డివాము కట్టేవారు. ఇక వెనక చక్రం దగ్గరున్న సరంగుకు ముందు ఏముందో కనిపించదు. మేట్ వాము మీదకెక్కి, కుడికి, ఎడమకు అని అరుస్తుంటే ఆ మాట వింటూ నడిపేవాడు. లండన్ చేరి గడ్డి దించాక గుర్రపు లద్దె ఎక్కించుకుని అదే పొలాలకు ఎరువుగా తెచ్చేవారు. కోనసీమలో కాలువల మీద గడ్డి పడవలు చూసిన మా పెదనాన్నకు ఈ సంగతి చెబితే, "మరి ఖాళీ పడవ ఎవడు తిప్పుతాడ్రా" అన్నారు.

అంత ఎత్తు కొయ్యతో లండన్ వంతెనల కింద ఎలా దూరేవి?

కొయ్యనే పడుకోబెట్టేవారు. కొయ్య అడుగు డెక్కు మీద ఒక ఇనుప గూటిలో కీలు మీద నిలబడుతుంది. ముందువైపు తాడును చేతి రాట్నంతో వదులు చేస్తే కొయ్య, వాసం, తెరచాప అన్నీ కలిసి వెనక్కి వాలిపోతాయి. పోటు తోస్తున్న వేగంతోనే వంతెన కింద నుంచి జారి, అవతల మళ్ళీ రాట్నం తిప్పి లేపుతారు. కొయ్యను మళ్ళీ లేపడం చాలా కష్టం, అందుకే వంతెనల దగ్గర కొద్ది కూలికి సాయం పట్టే మనుషులు ఉండేవారు. వాళ్ళను హఫ్లర్లు అనేవారు.

బార్జిలో మనుషుల బతుకు ఎలా ఉండేది?

వెనకవైపు డెక్కు కింద ఒక చిన్న గది. బొగ్గు పొయ్యి, గోడలోకి కట్టిన పడక పెట్టెలు, నూనె దీపం. కొందరు సరంగులు భార్యాపిల్లలను కూడా వెంట తీసుకెళ్ళేవారు.

జీతం అనేది లేదు, వాటా ఉండేది. సరుకు కిరాయిలో దాదాపు సగం బార్జి యజమానికి. మిగిలిన దాన్ని మూడు భాగాలు చేస్తే రెండు సరంగుకు, ఒకటి మేట్‌కు. అంటే గాలి లేక లంగరేసి కూర్చున్న రోజు కూలి లేని రోజు. తుపాను తగ్గాలని ఏ రేవులోనో వారం రోజులు ఆగితే ఆ వారమంతా పస్తే. ఎర్ర తెరచాపల ఫొటోలు చూసి ఎంత హాయైన బతుకో అనుకునేవాళ్ళకు నేను ముందుగా చెప్పేది ఈ వాటాల లెక్కే. తెల్లవారుజామున పోటు వస్తే తెల్లవారుజామునే బయల్దేరాలి. చలికాలంలో తడి తాళ్ళు లాగి లాగి అరచేతులు పగిలి నెత్తురు కారేవి.

నదికే పరిమితమా? సముద్రం మీదకు వెళ్ళేవా?

పెద్ద బార్జిలు వెళ్ళేవి. ఇంగ్లిష్ చానల్ దాటేవి, ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ దాకా కూడా వెళ్ళేవి. 1923లో రోచెస్టర్‌లో కట్టిన లేడీ డాఫ్నీ అనే బార్జి కథ ఇక్కడ అందరికీ తెలుసు. 1927 క్రిస్మస్ రోజుల్లో కార్న్‌వాల్ దగ్గర తుపానులో సరంగు సముద్రంలో కొట్టుకుపోయాడు. మిగిలిన ఇద్దరినీ లైఫ్‌బోటు రక్షించింది. మనిషన్నవాడు లేని బార్జి ఒంటరిగా సిలీ దీవుల రాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని వెళ్ళి ఇసుక మీద ఆగింది. లోపల ప్రాణంతో మిగిలింది సరంగు పెంచుకున్న కెనరీ పిట్ట ఒక్కటే. లేడీ డాఫ్నీని తర్వాత బాగుచేసి మళ్ళీ పనిలో పెట్టారు.

రెండో ప్రపంచ యుద్ధంలో వీటి పాత్ర ఉందా?

1940లో ఫ్రాన్స్‌లోని డంకర్క్ ఒడ్డున చిక్కుకున్న సైనికులను తీసుకురావడానికి వెళ్ళిన చిన్న ఓడల్లో థేమ్స్ బార్జిలూ ఉన్నాయి. లోతులేని ఒడ్డుకు దగ్గరగా వెళ్ళగలవు కాబట్టి పంపారు. కొన్ని తిండి, నీళ్ళు, మందుగుండు మోసుకెళ్ళి అక్కడే ఒడ్డున ఉండిపోయాయి. పడ్జ్ అనే బార్జి దాదాపు 300 మందిని ఎక్కించుకుని తిరిగొచ్చింది. అది ఇప్పటికీ ఉంది.

అన్నిటిలో కేంబ్రియాకే ఎందుకింత పేరు?

గాలి ఒక్కదాని మీదే ఆధారపడి సరుకు మోసిన బ్రిటిష్ ఓడల్లో ఆఖరిది అదే గనుక.

ఓడల వ్యాపారం చేసే ఎవరార్డ్ కుటుంబం 1906లో థేమ్స్ ఒడ్డున గ్రీన్‌హైథ్‌లో దాన్ని కట్టింది. సుమారు 91 అడుగుల పొడవు, 22 అడుగుల వెడల్పు. 170 టన్నుల దాకా మోసేది. రెండు ప్రపంచ యుద్ధాలు దాటింది. రెండో యుద్ధం తర్వాత చుట్టూ ఉన్న బార్జిలకు ఒక్కొక్కదానికీ ఇంజను బిగించి కొయ్య కోసేశారు. మిగిలినవాటిని ఇళ్ళుగా మార్చారు, లేకపోతే పాయల్లో కుళ్ళిపోనిచ్చారు. కేంబ్రియాకు మాత్రం ఇంజను పెట్టలేదు.

దానికి కారణం చాలావరకు దాని ఆఖరి సరంగు బాబ్ రాబర్ట్స్. ఆయన జానపద గాయకుడు, చేతిలో మెలోడియన్ (చిన్న అకార్డియన్ లాంటి వాయిద్యం) ఉండేది, రచయిత కూడా. 1966లో ఎవరార్డ్ కంపెనీ దగ్గర బార్జిని కొనుక్కుని సొంతంగా నడిపాడు. లారీలు, మోటారు ఓడలు కిరాయిలన్నీ లాగేసుకున్నాక కూడా ఒక్క మేట్‌ను పెట్టుకుని సరుకు వెతుక్కుంటూ తిరిగాడు. 1970 అక్టోబరులో టిల్బరీ నుంచి ఇప్స్‌విచ్‌కు 100 టన్నుల పశువుల దాణా తీసుకెళ్ళాడు. అదే ఆఖరి కిరాయి. 64 ఏళ్ళ పని జీవితం దాణా బస్తాలతో ముగిసింది.

ఆ తర్వాత ఏమైంది?

చారిత్రక ఓడలను కాపాడే మారిటైమ్ ట్రస్ట్ దాన్ని కొన్నది. కొన్నాళ్ళు లండన్‌లో సెయింట్ క్యాథరిన్స్ డాక్‌లో సందర్శకుల కోసం నిలబెట్టారు. తర్వాత సిటింగ్‌బర్న్ చేరింది. పని లేని చెక్క పడవ త్వరగా పాడవుతుంది. కదలదు, నీళ్ళు తోడేవాళ్ళుండరు, డెక్కు మీద వాన నిలుస్తుంది. 1996లో ఏర్పడిన కేంబ్రియా ట్రస్ట్ దాన్ని ఒక్క పౌండుకు తీసుకుంది. అప్పటికి అది కూలడానికి సిద్ధంగా ఉంది. లాటరీ డబ్బుతో వారసత్వ సంపదకు సాయం చేసే హెరిటేజ్ లాటరీ ఫండ్ నుంచి పది లక్షల పౌండ్లకు కాస్త తక్కువగా గ్రాంటు వచ్చాక 2007లో ఫావర్షామ్‌లోని స్టాండర్డ్ కీ అనే రేవుగట్టు దగ్గర పునర్నిర్మాణం మొదలైంది. 2011లో మళ్ళీ తెరచాప ఎత్తింది.

సముద్రపు నీళ్ళలో నానితే కదా చెక్క పాడయ్యేది?

చాలామంది అలాగే అనుకుంటారు, కానీ జరిగేది దాదాపు తిరగబడి ఉంటుంది. ఉప్పునీరు చెక్కను కాపాడుతుంది. చంపేది వాననీరు. డెక్కు పలకల మధ్య సన్నటి చీలిక ఏర్పడితే మంచినీరు లోపలికి దిగి దూలాల తలల దగ్గర నిలుస్తుంది. అక్కడ బూజు పట్టి చెక్క మెత్తబడుతుంది. పైకి నల్లగా, గట్టిగా కనిపించిన దూలంలోకి స్క్రూడ్రైవరు పెడితే పిడి దాకా దిగిపోవడం నేను చూశాను.

రెండో జబ్బు ఇనుప మేకులది. ఓక్ చెక్కలోని పులుపు ఇనుమును తింటుంది, తుప్పు చుట్టూ ఉన్న చెక్కను తింటుంది. మూడోది నడుము జబ్బు. ముందూ వెనకా మొనలు బరువుకు కిందికి వాలి, మధ్యభాగం పైకి ఉబ్బుతుంది. వయసైన బార్జిని దూరం నుంచి చూస్తే గీత వంకరగా ఉందని ఇట్టే తెలుస్తుంది.

బాగుచేయడం అంటే ఏం చేస్తారు?

ముందుగా ఆకారాన్ని నిలబెట్టాలి. అన్నీ ఒకేసారి ఊడదీస్తే పడవ ఆకారం పోతుంది. అందుకని చుట్టూ ఆసరాలు పెట్టి, ఒక వంపు దూలం తీసి దాని కొలతకే కొత్తది చేసి పెట్టి, తర్వాతే పక్కదాని జోలికి వెళ్తారు. పక్కటెముకల్లాంటి ఈ దూలాలకు ఓక్ వాడతారు. వంపు కోసం తిన్నని చెక్కను కోయరు. చెట్టులోనే వంగి పెరిగిన కొమ్మను వెతికి తెస్తారు, అప్పుడే చెక్కలోని పోగులు వంపు వెంట సాగి బలం ఉంటుంది. బార్జి పొడవునా అడుగున పడుకునే పెద్ద దూలానికి, పలకలకు పొడవాటి తిన్నని కలప కావాలి. ముందువైపు గుండ్రంగా తిరిగేచోట పలకలను పెట్టెలో పెట్టి ఆవిరి పట్టిస్తారు. బయటికి తీసిన కొద్ది నిమిషాల్లోనే, చల్లారేలోపు, నలుగురు పట్టుకుని వంచి బిగించాలి. ఆ నిమిషాల్లో ఎవరూ మాట్లాడరు.

పలకల సందుల్లో తారు పట్టించిన నారను చెక్క సుత్తితో, మొద్దు ఉలితో కూరతారు. చెయ్యి తిరిగిన వడ్రంగి కొట్టే దెబ్బ చప్పుడు విని సందు నిండిందో లేదో చెబుతాడు. ఆ చప్పుడులో తేడా నా చెవికి పట్టడానికి రెండు వేసవులు పట్టింది. పాత రోజుల్లో కారుతున్న బార్జికి ఇంకో ఉపాయం ఉండేది. పాత పలకల మీద తారు, పశువుల వెంట్రుకలు కలిపిన ముద్ద పరిచి పైన ఇంకో పొర పలకలు కొట్టేసేవారు. అలా చేస్తే ఇంకో ఇరవై ముప్పై ఏళ్ళు నడిచేది.

ఇక రోజువారీ సంరక్షణకు ప్రకృతే డాక్ యార్డు. పోటులో బార్జిని గట్టు పక్కన దిమ్మెల మీదకు తెస్తారు, నీళ్ళు దిగగానే కిందికెళ్ళి నాచు గీకి తారు పూస్తారు, మళ్ళీ పోటు వచ్చేలోపు బయటికి రావాలి. చంద్రుడి లెక్క తప్పితే తారు డబ్బాతో సహా తడుస్తారు.

చాలావరకు కొత్త కలపే అయితే అది పాత కేంబ్రియా ఎలా అవుతుంది?

నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. నా సమాధానం సూటిగా చెబుతాను. పని చేసిన రోజుల్లో కూడా ఏ బార్జీ కట్టిన కలపతోనే బతకలేదు. పలక పోతే పలక, కొయ్య విరిగితే కొయ్య మారుస్తూ వచ్చారు. మారనిది ఆకారం, పద్ధతి, దాన్ని చేసే చేతి పని. కేంబ్రియా పనిలో కొత్త కుర్రాళ్ళను శిక్షణకు పెట్టారు. 1906 నాటి వడ్రంగి ఆవిరి పలక ఎలా వంచాడో ఈరోజు ఒక యువకుడి చేతికి తెలిసింది. పాత చెక్కను గాజు పెట్టెలో పెట్టి చూపిస్తే ఆ విద్య మిగిలేది కాదు. అలాగని పాతదాన్ని నిర్లక్ష్యంగా పారేయడాన్నీ నేను సమర్థించను. గట్టిగా ఉన్న ప్రతి ముక్కనూ ఉంచాలి, తీసినదాన్ని కొలిచి, ఫొటో తీసి, రాసి పెట్టాలి.

ఇంజను లేని బార్జిలు ఇంకా ఉన్నాయా?

ఉన్నాయి. 1892లో మాల్డన్‌లో కట్టిన మిరోసాకు పుట్టినప్పటి నుంచి ఇంజను లేదు. ఫావర్షామ్ వైపు వస్తే చూడొచ్చు.

మన గోదావరి కాలువ పడవలతో పోలిక ఉందా?

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన కాలువలు సాగుకే కాదు, రవాణాకూ ఉద్దేశించినవి. లాకులు అందుకే కట్టారు. కాకినాడ వైపు నుంచి మద్రాసు దాకా కాలువల మీదే సరుకు వెళ్ళిన రోజులున్నాయి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజానికేసుకుని లాగేవారు. థేమ్స్ బార్జివాళ్ళకు ఆటుపోట్లు సాయం చేశాయి, మనవాళ్ళకు భుజాలే దిక్కు. మా ఊరి కాలువ మీద ఇప్పుడు ఒక్క తెరచాప పడవ కూడా లేదు. వాటిని కట్టిన వడ్రంగుల కొలతలు, మాటలు తెలిసిన పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే ఈ ఏడాదే కూర్చోబెట్టి రికార్డు చేయండి.

పందేలు ఎప్పుడు జరుగుతాయి?

వేసవిలో. మొదటి థేమ్స్ బార్జి పందెం 1863లో హెన్రీ డాడ్ పెట్టించాడు. లండన్ చెత్త తరలించి ధనవంతుడైన మనిషి ఆయన. పందెం వల్ల బార్జిల కట్టుబడి మెరుగుపడాలనేది ఆయన ఆలోచన, అలాగే జరిగింది కూడా. ఇప్పుడు మెడ్వే, బ్లాక్‌వాటర్, స్వేల్ లాంటి నదుల్లో, పాయల్లో జరుగుతాయి.

ఎక్కడ చూడొచ్చు? ఎక్కవచ్చా?

ఎసెక్స్‌లో మాల్డన్ హైథ్ కీ దగ్గర ఒకేచోట ఎక్కువ కనిపిస్తాయి. ఫావర్షామ్, పిన్ మిల్ కూడా మంచి చోట్లే. వేసవిలో చాలా బార్జిలు డబ్బు తీసుకుని రోజంతా తిప్పుతాయి. పడ్జ్, సెంటార్ అనే రెండింటిని 1948లో మొదలైన క్లబ్బు వారసులైన థేమ్స్ సెయిలింగ్ బార్జ్ ట్రస్ట్ నడుపుతోంది. సభ్యులు చేరి పని నేర్చుకోవచ్చు. మెత్తని అడుగున్న బూట్లు వేసుకోండి, మడమ బూట్లు డెక్కును గాయపరుస్తాయి. తారు అంటినా బాధపడని బట్టలు వేసుకోండి. వెళ్ళేముందు పోటు వేళ చూసుకోండి. నీళ్ళుంటే ప్రయాణం, లేకపోతే బురద.

మళ్ళీ సరుకు మోసే రోజులు వస్తాయా?

చిన్న స్థాయిలో ప్రయత్నాలు జరుగుతున్నాయి. 1941లో సముద్రంలో పెట్టిన మైను (మందుపాతర) పేలి మునిగిన బ్లూ మెర్మెయిడ్ అనే బార్జి నమూనాలో ఇంజను లేకుండా కొత్త ఉక్కు బార్జి కట్టి 2019లో నీళ్ళలోకి దించారు. యువకులకు శిక్షణ, వీలైతే సరుకు, ఇదీ దాని లక్ష్యం. సిటింగ్‌బర్న్‌లో 1920లో పుట్టిన రేబెల్ అనే బార్జిని అది పుట్టిన మిల్టన్ పాయలోనే బాగుచేయడానికి పూనుకున్నారు, గాలితో సరుకు తరలించాలనే ఆలోచనతో. పోయిన వేసవిలో దాని పక్కన నిలబడ్డప్పుడు ఓ కుర్రవాడు సందులో నార కూరుతున్నాడు. సుత్తి దెబ్బ మోగుతోంది, మోగుతోంది, ఒక్కసారిగా బరువెక్కింది. అతను ఆగి తర్వాతి సందుకు జరిగాడు.